బావ రాసిన కోడ్‌లో తప్పు కనిపించింది. చెప్పాలా, ఊరుకోవాలా?

ప్రశ్న: హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఆఫీసు వివరాలు వద్దన్నారు కాబట్టి విషయం వరకు కుదించి ఇస్తున్నాం.

ఆమెకు ఇరవై ఆరేళ్ళు. సొంతూరు పరకాల దగ్గర. తండ్రి పత్తి రైతు, పంట వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకే తెస్తారు. బీటెక్ అయ్యాక ఆమె అక్క ఇంట్లో ఉంటూ, బావ నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తున్నారు. ఉన్నది ముగ్గురే. వాళ్ళు జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ప్రోగ్రామ్‌ను చుట్టుపక్కల యార్డుల్లో కొన్ని అడ్తి (కమీషన్) దుకాణాలు వాడుతున్నాయి. కాంటా బరువు, ధర, తరుగు, హమాలీ ఖర్చులు ఎక్కిస్తే రైతుకు తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, ప్రింటవుతుంది.

దసరా ముందు ఒక దుకాణం నుంచి ఫోన్ వచ్చింది. తక్‌పట్టీలన్నీ చేత్తో కూడితే వచ్చిన మొత్తానికీ, ప్రోగ్రామ్ చూపించే రోజు మొత్తానికీ కొన్ని రూపాయల తేడా ఉంది. ఆమె కోడ్ తెరిచి చూస్తే డబ్బు లెక్కలన్నీ ఫ్లోట్‌లో, అంటే దశాంశ సంఖ్యలను ఉజ్జాయింపుగా నిల్వచేసే రకంలో ఉన్నాయి. తక్‌పట్టీ క్లాస్‌లో (తక్‌పట్టీకి సంబంధించిన కోడ్ ముక్కలో) ప్రతి ఫీల్డూ, అంటే విలువ నిల్వ ఉండే ప్రతి గడీ, పబ్లిక్: ప్రోగ్రామ్‌లో ఎక్కడి నుంచైనా మార్చవచ్చు. మొత్తం అనే అంకెను ఏ స్క్రీన్ నుంచి పడితే ఆ స్క్రీన్ నుంచి మార్చేస్తున్నారు. తేడా వచ్చినప్పుడల్లా బావే ఏదో ఒక స్క్రీన్‌లోంచి ఆ అంకె సరిచేసి, దుకాణానికి ఫోన్ చేసి ‘అయిపోయింది’ అంటారట.

ఆమె ఒక రాత్రి కూర్చుని, క్లాస్ బయటి కోడ్ తాకకుండా ఫీల్డులన్నీ ప్రైవేట్ చేశారు. ప్రాజెక్ట్ నిండా ఎర్రర్లు. కొన్నిటిని ఆపడానికి, ప్రైవేట్ కంటే వదులైన ప్రొటెక్టెడ్ అని మార్చారు. అయినా బిల్డ్ కాలేదు, అంటే నడిచే ప్రోగ్రామ్ తయారవలేదు. తెల్లారితే దుకాణాలకు కొత్త వెర్షన్ ఇవ్వాల్సిన రోజు. బావ అందరి ముందే అరిచారు: “ముగ్గురమే ఉన్నం. ఎవరి దగ్గర దాచిపెడ్తున్నవ్? నా దగ్గరనా?” ఆ మాటకు ఆమె దగ్గర జవాబు లేకపోయింది. ప్రైవేట్ అంటే డేటాను దాచడం అనే కాలేజీలో చదువుకున్నారు. ఇంటికొస్తే అక్క, “ఆయన ఇంట్ల ఉండుకుంట ఆయన తప్పులే ఎంచుతవా” అంది. అప్పటి నుంచి బావ ముక్తసరిగా మాట్లాడుతున్నారు. నేను చేసింది తప్పా, ఈ విషయం మళ్ళీ ఎత్తాలా, లేక హైదరాబాద్‌లో వేరే ఉద్యోగం చూసుకోవాలా అని అడుగుతున్నారు.

జవాబు: మీ ఉత్తరంలో రెండు తప్పుల గురించి రాశారు. ఆ రెండూ ఒకే బరువున్నవి కావు, ఒకే తొందర ఉన్నవీ కావు. ఆ రాత్రి మీరు రెంటినీ కలిపి పట్టుకున్నారు, గొడవ అక్కడే ముదిరింది. కాబట్టి ముందు వాటిని విడదీద్దాం.

ఫ్లోట్‌లో డబ్బు పెట్టడం ఇవాళ్టి తప్పు. ప్రతి తక్‌పట్టీలో, ఇప్పుడు కూడా జరుగుతోంది. ఫీల్డులన్నీ పబ్లిక్‌గా వదిలేయడం వేరే రకం. దానివల్ల ఈ రోజు ఏ రైతుకూ నష్టం రాకపోవచ్చు. కానీ మొదటి తప్పును దిద్దుదామనుకున్నప్పుడు అది అడ్డం నిలబడుతుంది.

మొదటిది ఎంత గట్టి తప్పో మీకే పూర్తిగా తెలిసినట్టు లేదు. ‘ఫ్లోట్‌లో కొంచెం తేడా వస్తుందట’ అని రాశారు. ‘అట’ అంటే బావ వినరు, లెక్క చూపించాలి. జావాలో ఫ్లోట్‌కు 32 బిట్లు. అందులో అంకెను పట్టుకోవడానికి దొరికేవి 24. ఆ 24 బిట్లలోనే రూపాయలూ, పైసలూ సర్దుకోవాలి. మొత్తం పెరిగే కొద్దీ పైసలకు చోటు తగ్గుతుంది. 1,31,072 రూపాయలు దాటాక ఫ్లోట్‌లో ఒక అంకెకూ దాని పక్క అంకెకూ మధ్య దూరం పైసాన్నర కంటే ఎక్కువ. అంటే పైసా పైసా విడిగా చూపడం ఇక దానివల్ల కాదు. 1,50,000 రూపాయల 9 పైసలు, 1,50,000 రూపాయల 10 పైసలు, ఈ రెండూ ఫ్లోట్‌కు ఒకటే అంకె. ట్రాక్టర్ నిండా పత్తి తెచ్చిన రైతు తక్‌పట్టీ లక్షన్నర అవడం మీ దుకాణాల్లో వింతేమీ కాదు కదా.

రోజు మొత్తం సంగతి ఇంకా కష్టం. 1,67,77,216 దగ్గరికి వచ్చేసరికి ఫ్లోట్‌కు రూపాయి కూడా కనిపించదు. ఆ అంకెకు 1 కూడితే మళ్ళీ అదే అంకె వస్తుంది. రెండు లైన్ల ప్రోగ్రామ్ రాసి నడపండి, కళ్ళారా చూస్తారు. సీజన్‌లో పెద్ద దుకాణం ఒక్క రోజులో కోటీ అరవై ఏడు లక్షలు దాటితే, ఆ తర్వాత కలిసే ప్రతి తక్‌పట్టీలో చిల్లర కొంత కింద పడిపోతూనే ఉంటుంది, లేదా లేనిది పైన చేరుతుంది. ఆ దుకాణం వాళ్ళు చేత్తో కూడి పట్టుకున్న తేడా ఎక్కువ భాగం ఇదే అయి ఉంటుంది.

‘చివర్లో రూపాయికి రౌండ్ చేస్తాం కదా’ అని బావ అనవచ్చు. రౌండ్ చేయడం తప్పు కాదు. అయితే యాభై పైసల గీత దగ్గర ఉన్న అంకె నిజానికి గీత మీదే ఉండి, లోపల మాత్రం గీతకు కొంచెం కింద నిల్వ ఉంటే, రైతుకు ఒక రూపాయి తక్కువ వస్తుంది. ఒక్కొక్కరికి చిన్నదే, ఒకసారి అటు ఒకసారి ఇటు పోతుంది కూడా. కానీ కాగితం మీద ఉన్న బరువునూ ధరనూ గుణిస్తే వచ్చే అంకె, ఆ కాగితం మీదే ఉన్న మొత్తంతో సరిపోకపోతే అది రైతు చేతికివ్వదగిన కాగితం కాదు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

అంకెల రకాన్ని తప్పుగా ఎంచుకోవడం వల్ల పెద్దపెద్ద వాళ్ళకే దెబ్బ తగిలింది. 1996 జూన్ 4న యూరప్ వాళ్ళ ఏరియాన్ 5 రాకెట్ మొదటి ప్రయాణంలోనే, పైకి లేచి నిమిషం కూడా కాకముందే ముక్కలైంది. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోతే అది పట్టలేదు. ఆ కోడ్ అంతకుముందు ఏరియాన్ 4లో బాగానే పనిచేసింది. కొత్త రాకెట్‌లో అంకెలు పెద్దవయ్యాయి. మీ బావ కోడ్‌కూ ఇలాగే జరిగి ఉంటుంది. మొదట్లో చిన్న దుకాణాలు, చిన్న మొత్తాలు. ఆ రోజుల్లో ఫ్లోట్ సరిపోయినట్టే కనిపించి ఉంటుంది. ఆయనతో మాట్లాడేటప్పుడు ఈ కోణం నుంచే మొదలుపెట్టండి: అప్పుడు నడిచింది, ఇప్పుడు దుకాణాలు పెరిగాయి. అది నిజం కూడా.

ఇక ప్రైవేట్ దగ్గరికి వద్దాం. “ఎవరి దగ్గర దాచిపెడ్తున్నవ్” అన్న ప్రశ్నకు మీరు నీళ్ళు నమలడానికి కారణం మీ తెలివితక్కువతనం కాదు. దాచడం అని నేర్పినవాళ్ళు ఎవరి నుంచో, ఎందుకో చెప్పలేదు. మనుషుల నుంచి దాచడమే అయితే మీ బావ మాట నూటికి నూరుపాళ్ళు సరైనది. ప్రైవేట్ అనేది తాళం కాదు. సోర్స్ కోడ్ మీ ముగ్గురి దగ్గరా ఉంది, ఎవరైనా ఆ పదం కొట్టేసి పబ్లిక్ అని రాసుకోవచ్చు. డేటాబేస్ పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళు నేరుగా టేబుల్‌లోనే అంకె మార్చవచ్చు. పైగా జావాలో ప్రైవేట్ అంటే ‘ఈ ఆబ్జెక్ట్ (క్లాస్ నుంచి తయారైన ఒక్కో తక్‌పట్టీ) తప్ప’ అని కాదు, ‘ఈ క్లాస్ తప్ప’ అని. ఒక తక్‌పట్టీ ఆబ్జెక్ట్‌లోని కోడ్ ఇంకో తక్‌పట్టీ ప్రైవేట్ ఫీల్డును చక్కగా తాకగలదు. డేటాను దాచడానికే పుట్టిన ఏర్పాటయితే ఇంత వదులుగా ఉండదు.

1972లో డేవిడ్ పార్నాస్ అనే ఆయన ప్రోగ్రామ్‌ను ముక్కలుగా ఎలా విడగొట్టాలో ఒక వ్యాసం రాశారు. అందులోని ఆలోచన ఇది: రేపు మారే అవకాశమున్న నిర్ణయాలేవో ముందే గుర్తించి, ఒక్కో నిర్ణయాన్ని ఒక్కో ముక్కలో ఉంచి, మిగతా ముక్కలకు అది తెలియనివ్వకూడదు. దాచాల్సింది అంకెను కాదు, నిర్ణయాన్ని. డబ్బును ఫ్లోట్‌లో పెట్టాలా, వేరే రకంలో పెట్టాలా అన్నది సరిగ్గా అలాంటి నిర్ణయమే. ఫీల్డు పబ్లిక్‌గా ఉండటం వల్ల అది ఫ్లోట్ అన్న సంగతి ప్రతి స్క్రీన్‌కూ, ప్రతి రిపోర్ట్‌కూ తెలిసిపోయింది. రకం మార్చాలంటే అన్నిచోట్లా మార్చాలి. మీ రెండు తప్పులూ ముడిపడింది ఇక్కడే.

బావకు చెప్పడానికి ఇంతకంటే దగ్గరి మాట యార్డులోనే ఉంది. కాంటా మీద బరువు రైతు చూస్తాడు, ఖరీదుదారు చూస్తాడు, అడ్తిదారు చూస్తాడు. తూచేది మాత్రం దడ్వాయి ఒక్కడే. బరువు దగ్గర పేచీ వస్తే ఎవరిని అడగాలో అందరికీ తెలుసు. మొత్తం అనే ఫీల్డును ప్రైవేట్ చేసి, చూడటానికి ఒక మెథడ్ (ఒక పని చేసే చిన్న కోడ్) ఇస్తే జరిగేది అదే. అందరికీ కనిపిస్తుంది, లెక్క కట్టేది ఒక్కచోటే. ఇప్పుడు తేడా వస్తే మీరు ఎన్ని ఫైళ్ళు వెతకాలో చూడండి. ఆ రాత్రి వచ్చిన ఎర్రర్లే మీకు ఆ జాబితా ఇచ్చాయి. అవి మీరు పాడుచేసిన చోట్లు కావు. రైతు డబ్బును బయటి నుంచి తాకుతున్న చోట్లు ఎక్కడెక్కడున్నాయో కంపైలర్ (కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చే సాధనం) ఏరి చూపించింది. ఆ ఎర్రర్ల జాబితా పారేయకుండా దాచి ఉంచి ఉంటే దానికి ఇప్పుడు చాలా విలువ ఉంది.

ఇంకొకటి గమనించాను. బావ కోపం మొత్తం కోడ్ మీద ఉన్నట్టు నాకు అనిపించలేదు. తేడా వచ్చినప్పుడల్లా ఆయనే సరిచేస్తారని మీరే రాశారు. దుకాణదారు ఫోన్ చేస్తాడు, ఆయన రెండు నిమిషాల్లో అంకె మారుస్తారు, దుకాణదారు సంతోషిస్తాడు. ఇన్నేళ్ళుగా ఆ ఖాతాలు చెదరకుండా నిలబడింది ఆ సేవ వల్ల కూడా కావచ్చు. మీరు మొత్తాన్ని ప్రైవేట్ చేయగానే ఆయన చేతిలోని పనిముట్టు పోయింది. “నా దగ్గరనా?” అన్న మాటలో నాకు వినిపించింది అదే. కాబట్టి తీసేసిన దానికి బదులు ఏదైనా ఇవ్వాలి. మొత్తానికి సెట్టర్ (విలువను బయటి నుంచి మార్చే మెథడ్) పెట్టొద్దు. బరువు, ధర, తరుగు, ఖర్చుల నుంచి లెక్కగట్టేదే మొత్తం కావాలి, ఎవరూ నేరుగా రాసేది కాకూడదు. దాని పక్కన ‘సవరణ చేర్చు’ అని ఒక మెథడ్ పెట్టండి. ఎంత, ఎందుకు, ఎవరు అని మూడూ అడగాలి. బావ ఇప్పటిలాగే రెండు నిమిషాల్లో సరిచేయగలరు. తేడా ఏమిటంటే ఆ సవరణ విడిగా కనబడుతుంది, అసలు లెక్క చెరిగిపోదు. వచ్చే ఏడాది ఆడిట్‌లో ఎవరైనా అడిగితే ఆయనకే అది అండ.

ప్రతి ఫీల్డుకూ కళ్ళు మూసుకుని గెట్టర్ (విలువ చూపించే మెథడ్), సెట్టర్ పుట్టించేయడం చాలామంది చేసే పని. ఫీల్డు మీద ప్రైవేట్ అని ఉంటుంది, సెట్టర్ తలుపు బార్లా తెరిచే ఉంటుంది. ఆ కష్టానికి ఫలితం దాదాపు ఉండదు.

ప్రొటెక్టెడ్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది మధ్యేమార్గం అనుకుని వాడారు. సీప్లస్‌ప్లస్ అనే ఇంకో భాషలో అయితే ప్రొటెక్టెడ్ ఫీల్డు ఆ క్లాస్‌కూ, దాని పిల్ల క్లాసులకూ, ఫ్రెండ్ అని రాసినవాటికీ మాత్రమే అందుతుంది. జావాలో క్లాస్‌కూ, పిల్ల క్లాసులకూ కాకుండా అదే ప్యాకేజీలోని (ఒక గుంపుగా పెట్టిన) క్లాసులన్నిటికీ అందుతుంది. అంటే ఏ పదమూ రాయకుండా వదిలేసే డిఫాల్ట్ కంటే అది వెడల్పు. మీ క్లాసులన్నీ ఒకే ప్యాకేజీలో ఉంటే ప్రొటెక్టెడ్ అన్నా, పబ్లిక్ అన్నా మీకు ఆచరణలో ఒకటే. ఆ ఎర్రర్లు మాయమైంది అందుకే. వాటిని తీసేయండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

ఏమీ అనకుండా ఊరుకోవచ్చు. ఇంట్లో గొడవ చల్లారుతుంది, అక్క మనసు కుదుటపడుతుంది. కానీ తేడాల ఫోన్లు ఆగవు, దుకాణాలు పెరిగే కొద్దీ పెరుగుతాయి. ఏదో ఒక రోజు ఆ అంకె సరిచేసే పని మీకే అప్పగిస్తారు. తండ్రి పత్తి అమ్మే ఇంటి బిడ్డగా అది చేయగలరా అన్నది మీరు ఆలోచించుకోవాలి. ఉత్తరం చదివితే చేయలేరనే అనిపించింది.

రెండోది, సీజన్ దాటించే తాత్కాలిక మార్గం. ఫ్లోట్‌ను డబుల్ చేసి, రౌండ్ చేయడం ఒక్క చోటే జరిగేలా చూడటం. డబుల్‌కు 64 బిట్లు, అందులో 53 అంకెకు దొరుకుతాయి. మీ దుకాణాల మొత్తాలకు చాలా ఎక్కువే. పని కూడా తక్కువ. ఫోన్లు దాదాపు ఆగుతాయి. అయితే జబ్బు తగ్గినట్టు కనిపిస్తుందే కానీ పోదు. డబుల్‌లో కూడా 0.1కి 0.2 కూడితే 0.30000000000000004 వస్తుంది. రెండు మొత్తాలు సమానమా అని నేరుగా పోల్చే కోడ్ ఎక్కడైనా ఉంటే అది ఒక్కోసారి తప్పు చెబుతుంది. డేటాబేస్ కాలమ్ కూడా ఫ్లోట్‌గానే ఉంటే, ప్రోగ్రామ్‌లో మార్చి లాభం లేదు, రెండూ కలిపి మార్చాలి. అప్పటికే నిల్వ ఉన్న పాత మొత్తాల పైసలు వాటంతటవి తిరిగిరావు. బరువు, ధరల నుంచి మళ్ళీ కట్టుకోవాలి.

మూడోది సరైన మరమ్మతు. అన్ని ఫీల్డులూ ముట్టుకోవద్దు, డబ్బువి మాత్రమే. ఒక్కో ఫీల్డు తీసుకోండి. ముందు రకం మార్చకుండా ప్రైవేట్ చేసి, వాడే చోట్లను మెథడ్‌కు మళ్ళించండి. ఎక్లిప్స్, ఇంటెల్లీజే లాంటి కోడ్ రాసే సాధనాలు ఈ పనిని ఫీల్డుకొకటిగా వాటంతటవే చేసిపెడతాయి. ప్రోగ్రామ్ ముందులాగే నడుస్తోందని చూసుకున్నాక, లోపల రకం మార్చండి. దశాంశాలను కచ్చితంగా నిల్వచేసే బిగ్‌డెసిమల్ ఒక మార్గం. దాన్ని డబుల్ నుంచి కాకుండా స్ట్రింగ్ (అక్షరాల వరుస) నుంచి తయారుచేయాలి, లేకపోతే 0.1లోని తేడా లోపలికి వచ్చేస్తుంది. భాగించేటప్పుడు ఎలా రౌండ్ చేయాలో చెప్పకపోతే, తెగని భాగహారం దగ్గర ఎక్సెప్షన్ (నడుస్తుండగా వచ్చే ఎర్రర్) ఇస్తుంది. 2.0, 2.00 రెండూ ఈక్వల్స్ అనే పోలిక మెథడ్‌కు వేరు కాబట్టి కంపేర్‌టూ అనే మెథడ్‌తో పోల్చాలి.

ఇంకో మార్గం అంతా పైసల్లో, లాంగ్ అనే పెద్ద పూర్ణాంకాల రకంలో పెట్టడం. పొరపాటున కూడా చిన్న పూర్ణాంకాల రకమైన ఇంట్ వాడొద్దు. దాని గరిష్ఠం 2,14,74,83,647. పైసల్లో చూస్తే రెండు కోట్ల పద్నాలుగు లక్షల చిల్లర రూపాయలే. అది దాటితే ఎర్రర్ ఏమీ చూపకుండా మైనస్‌లోకి పోతుంది. ఇక్కడొక ఉచ్చు ఉంది. బరువు గ్రాముల్లో, ధర పైసల్లో రెండూ ఇంట్ అయితే, జవాబు లాంగ్‌లో పెట్టినా గుణకారం ఇంట్‌లోనే జరిగిపోతుంది. క్వింటా ధర 7,000 అనుకుంటే 50 కిలోల బస్తా ఒక్కటే ఆ హద్దు దాటిస్తుంది. నాకైతే ఇలాంటి చిన్న ప్రోగ్రామ్‌కు పైసలు, లాంగ్ తేలికనిపిస్తుంది. కానీ చివరి రౌండింగ్ ఎటు చేయాలన్నది దుకాణాల ఒప్పందం, దాన్ని బావే అడిగి తేల్చాలి. ఆ నిర్ణయం ఆయనకు వదిలేయండి.

అన్నట్టు, ఫోన్ నంబర్ ఇంట్‌లో పట్టక లాంగ్ చేశామని రాశారు. దాన్నీ, బ్యాంక్ అకౌంట్ నంబర్‌నూ స్ట్రింగ్ చేయండి. వాటితో ఎవరూ కూడికలు చేయరు. సున్నాతో మొదలయ్యే అకౌంట్ నంబర్‌ను లాంగ్‌లో పెడితే ఆ సున్నా పోతుంది.

ఈ మూడో పనికి సమయం కావాలి. ఇప్పుడు పత్తి వస్తోంది, తర్వాత మిర్చి. ఇప్పటికి రెండో దారి పట్టి, వానాకాలం విత్తనాలు పడే రోజుల్లో, యార్డులో సరుకు పలచబడ్డాక మూడోది చేద్దామని బావను అడగవచ్చు. ఇలా అయితే ఆయనకు ఒప్పుకోవడం తేలిక. మీరు ఎనిమిది నెలలు ఓపిక పట్టాలి, ఆ ఎనిమిది నెలల్లో మాట మరుగున పడిపోయే ప్రమాదం కూడా ఉంది. ఇప్పుడే గిట్‌లో (కోడ్ మార్పులను భద్రపరిచే సాధనం) వేరే బ్రాంచ్, అంటే విడి నకలు తీసి కొంచెం కొంచెంగా చేసుకుంటూ పోవడం ఇంకో పద్ధతి. అయితే ఆయనకు తెలియకుండా మాత్రం వద్దు. మీరు చేసింది తప్పా అని అడిగారు. చూసింది సరిగ్గానే చూశారు. కానీ ఇవ్వాల్సిన వెర్షన్ మీద, చివరి రాత్రి, ఎవరికీ చెప్పకుండా చేయి పెట్టారు. ఆ ఒక్కదానికి ఆయనకు క్షమాపణ చెప్పడం న్యాయం. చెబితే మిగతా మాట వినడానికి ఆయనకూ దారి దొరుకుతుంది.

ఎక్కడ మాట్లాడాలి? అన్నాల దగ్గర వద్దు, మూడో మనిషి ముందూ వద్దు. ఆఫీసులో ఇద్దరే ఉన్నప్పుడు, కంప్యూటర్ ముందు. ఆ రెండు లైన్ల ప్రోగ్రామ్, ఒక పాత తక్‌పట్టీ, ఒక కాలిక్యులేటర్ చాలు. ప్రైవేట్ అనే పదం మొదట్లో ఎత్తకండి. అంకెలు చూశాక ‘మరి ఎక్కడెక్కడ మార్చాలి?’ అని ఆయనే అడుగుతారు, అప్పుడు ఆ జాబితా చూపించండి.

విని కూడా వద్దన్నారనుకోండి. అప్పుడు ఆఫీసు ఆయనది, నిర్ణయం ఆయనది. మీరు చెప్పిన విషయాన్ని ఒక మెయిల్‌లో మర్యాదగా రాసి ఉంచండి, అంకెలు చేత్తో సరిచేసే పని మాత్రం నా వల్ల కాదు బావా అనండి. బంధుత్వం ఎంత ఉన్నా ఆ గీత మీరు గీసుకోవచ్చు. అక్కను ఇందులో మధ్యవర్తిని చేయొద్దు. ఆమెకు ఫ్లోట్ తెలియదు, భర్త, చెల్లెలు తెలుసు. ఆమె మాటలో ఉన్నది భయం. మీ ఇద్దరి మధ్య మాటలు కుదిరితే ఆ భయం పోతుంది. రోజంతా ఒకే ఆఫీసు, రాత్రి ఒకే ఇల్లు అవడం కూడా ఈ ఒత్తిడికి ఒక కారణం. హనుమకొండలోనే వర్కింగ్ విమెన్స్ హాస్టల్‌కు మారితే ఖర్చు పెరుగుతుంది, కానీ ఉద్యోగం, బంధుత్వం రెండూ కొంచెం గాలి పీల్చుకుంటాయి. ఉద్యోగం మానడం కంటే ముందు ఇది ఆలోచించండి.

హైదరాబాద్ సంగతి. వెళ్ళడం తప్పేమీ కాదు, మీ వయసుకు పెద్ద టీమ్‌లో పనిచేయడం మంచిదే. కానీ ఇప్పుడు వెళితే మీరు తప్పు పట్టి, మధ్యలో వదిలి వెళ్ళారన్న మాట ఇంట్లో మిగులుతుంది. మూడో దారి పూర్తిచేసి వెళితే ఇంటర్వ్యూలో యాక్సెస్ మాడిఫయర్లు (పబ్లిక్, ప్రైవేట్ లాంటివి) ఎన్ని అని అడిగినప్పుడు నాలుగు పేర్లు అప్పజెప్పి ఆగరు. నడుస్తున్న ప్రోగ్రామ్‌లో డబ్బు రకం ఎలా మార్చారో, దానికి ప్రైవేట్ ఎలా పనికొచ్చిందో చెబుతారు. ఎప్పుడు వెళ్ళినా సీజన్ మధ్యలో వెళ్ళకండి. ఉన్నది ముగ్గురే, మీ బదులు వచ్చే మనిషికి కోడ్ అప్పగించడానికి కనీసం నెల రోజులైనా బావకు ఇవ్వండి.